‘లా ఎన్’లో కెమెరా ఎక్కడ నిలబడింది?

తెర వెనుక: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే సినిమా చుట్టూ తిరిగాయి. ఫ్రెంచ్ సినిమా ‘లా ఎన్’. పేరుకు అర్థం ద్వేషం. రాతలో హెచ్ ఉన్నా ఫ్రెంచివాళ్లు పలకరు కాబట్టి ‘హైన్’ అని రాయడం లేదు. 1995లో మాత్యూ కసోవిట్జ్ తీశాడు, ఆ ఏడు కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి అందుకున్నాడు. చూడనివాళ్లకు కథ రెండు ముక్కల్లో: పారిస్ శివారు కాలనీలో రాత్రంతా అల్లర్లు జరిగాయి. పోలీసుల దెబ్బలకు అబ్దెల్ అనే కుర్రాడు ఆస్పత్రిలో కోమాలో ఉన్నాడు. ఓ పోలీసు పారేసుకున్న రివాల్వర్ విన్స్‌కు దొరికింది. అబ్దెల్ చస్తే ఒక పోలీసును చంపుతానంటాడు. అతని స్నేహితులు యుబేర్, సయీద్. ముగ్గురూ పగలంతా కాలనీలో తిరిగి, సాయంత్రం పారిస్ వెళ్లి, ఆఖరి రైలు తప్పిపోయి, తెల్లవారి తిరిగొస్తారు. శివారు అనగానే మనకు గేటెడ్ విల్లాలు గుర్తొస్తాయి గానీ, అక్కడి ‘బాన్లియూ’ అంటే ప్రభుత్వం కట్టిన అద్దె ఇళ్ల బ్లాకులు, వలస వచ్చినవాళ్లు, పనిలేని కుర్రాళ్లు.

ప్ర: సినిమా కోర్సులో దీనిమీద 1500 పదాల వ్యాసం ఇచ్చారు. నలుపు తెలుపు, లో యాంగిల్, ట్రాకింగ్, లాంగ్ టేక్... కనిపించినవన్నీ రాశాను. ‘ఇది జాబితా, విశ్లేషణ కాదు’ అని తిప్పి పంపారు. ఎక్కడ తప్పింది?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జ: మీ మాస్టారు చెప్పింది నిజం. టెక్నిక్ పేరు రాయగానే పక్కన ‘దీనివల్ల పాత్ర నిస్సహాయత తెలుస్తుంది’ అని అతికించే అలవాటు చాలామందికి ఉంది. ఆ వాక్యాన్ని ఎత్తి ఇంకో సినిమా మీద పెట్టి చూడండి. అక్కడా అతికితే కొట్టేయండి.

ఈ సినిమాలో మీకు ఒక వెసులుబాటు ఉంది. కథ రెండు చోట్ల నడుస్తుంది, పగలు కాలనీ, రాత్రి పారిస్. రెంటినీ రెండు రకాలుగా తీయాలని దర్శకుడు ముందే అనుకున్నాడు. కాలనీలో పొట్టి ఫోకల్ లెంగ్త్ లెన్సులు, అంటే ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ లెన్సులు. వెనకాల బ్లాకులు కూడా స్పష్టంగా ఉంటాయి, కెమెరా కుర్రాళ్లతో పాటు తాపీగా నడుస్తుంది. పారిస్‌లో పొడుగు లెన్సులు, అంటే దూరాన్ని దగ్గరకు లాగే టెలీ లెన్సులు, మసకబారిన వెనకతలం. సొంత చోట వాళ్లు గోడల్లో గోడలుగా కలిసిపోయి ఉంటారు. పారిస్‌లో ఎవరో కత్తెరతో కత్తిరించి తెచ్చి పెట్టినట్టుంటారు. కాబట్టి ఒక షాట్‌ను విడిగా పట్టుకుని అర్థం అడక్కండి. కాలనీ షాట్ పక్కన పారిస్ షాట్ పెట్టి ఏం మారిందో అడగండి. వ్యాసానికి అదే వెన్నెముక.

పని ఇలా సాగాలి. మొదటిసారి పెన్ను ముట్టుకోకుండా చూడండి. రెండోసారి కాలనీ భాగం నుంచి పది నిమిషాలు, పారిస్ భాగం నుంచి పది నిమిషాలు ఎంచుకుని షాట్ షాట్‌కూ ఒక వరస రాయండి: సమయం, షాట్ సైజు, కెమెరా ఎత్తు, కదలిక, వెనకతలం స్పష్టమా మసకా, వినిపించే శబ్దం, ఆ చూపు ఎవరిది. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం కీ నొక్కితే ఒక్కొక్క ఫ్రేమే ముందుకు జరుగుతుంది, కట్ సరిగ్గా ఎక్కడ పడిందో దొరుకుతుంది. పది నిమిషాలంటే 600 సెకన్లు. దాన్ని షాట్ల సంఖ్యతో భాగిస్తే సగటు షాట్ నిడివి. కట్లు లెక్కపెట్టి ఆగిపోకండి. 40 కట్లుంటే షాట్లు 41.

లెన్సు ఏదో తెర మీద రాసుండదు కదా, అంచనా వేయాలి. పాత్ర కెమెరా వైపు రెండడుగులు వేయగానే అమాంతం పెద్దదైతే పొట్టి లెన్సు. ఎంత నడిచినా అక్కడే ఉన్నట్టుంటే పొడుగు లెన్సు. ఫ్రేమ్ అంచుల్లో గోడలు, స్తంభాలు వంగినట్టుంటే మళ్లీ పొట్టిదే. వ్యాసంలో మాత్రం ‘24 మిల్లీమీటర్ల లెన్సు’ అని తేల్చి రాయకండి, ‘వైడ్ లెన్సు’ అంటే చాలు. అంకె రాస్తే రుజువు అడుగుతారు.

మూడోసారి చూసేటప్పుడు పట్టికలో బాగా తేడా వచ్చిన మూడు విషయాలనే ఉంచుకోండి. పరిచయానికి 150, ఒక్కో విషయానికి 400, మిగిలిన 150 ముగింపుకి. ప్రతి విషయం దగ్గరా ఒక ప్రశ్న వేసుకోండి: దీన్ని ఇంకోలా తీసుంటే ఏం పోయేది? ఉదాహరణకు మధ్యమధ్య నల్లతెర మీద టిక్‌మంటూ పడే సమయం కార్డులు. మొదటిది 10:38. బాంబు సినిమాల్లో ఇలాంటి కార్డు పడిందంటే ఏదో పేలబోతోందని లెక్క. ఇక్కడ కార్డు పడగానే వచ్చేది ఏమిటి? ఓ బుడ్డోడు టీవీలో చూసిన కార్యక్రమం గురించి తలాతోకా లేని కథ చెబుతాడు. ‘తర్వాత?’ అంటే తర్వాతేమీ లేదు. కార్డుకీ కార్డుకీ మధ్య ఒకసారి గంట చిల్లర, ఒకసారి రెండు గంటల పైన. చేతిలో పని లేనివాడి పొద్దు అలాగే గడుస్తుంది. ఆ కార్డులు తీసేసి చూడండి, కబుర్లు కబుర్లుగానే మిగిలిపోతాయి. అవి ఉండబట్టే ప్రతి కబురు వెనకా ఏదో ముంచుకొస్తున్నట్టుంటుంది. చివర్లో 06:00 దాటి 06:01 అవుతుంది. రోజంతా జరగనిది ఆ కాసేపట్లో జరిగిపోతుంది. మీ మాస్టారు అడిగిన విశ్లేషణ ఇలాంటిది.

ఒక జాగ్రత్త. సినిమా నిడివి 98 నిమిషాలు. పాత యూరప్ డీవీడీలు సెకనుకు 24 ఫ్రేములకు బదులు 25 నడిపిస్తాయి, వాటిలో 94 నిమిషాలకే అయిపోతుంది. మీరు రాసిన సమయం మాస్టారి కాపీతో కలవకపోవచ్చు. సమయంతో పాటు సన్నివేశం పేరు కూడా రాయండి.

ప్ర: ముగ్గురూ పారిస్‌లో దిగాక, వాళ్లు ఉన్నచోటే ఉంటారు, వెనకున్న నగరం మీదికి వచ్చినట్టవుతుంది. అదెలా? మా షార్ట్ ఫిల్మ్‌లో 24–70 జూమ్‌తో ప్రయత్నిస్తే మనుషులు ఉబ్బి, మళ్లీ తగ్గుతున్నారు.
– విజయవాడ నుంచి

జ: డాలీ జూమ్ అంటారు. కెమెరా వెనక్కి జరుగుతూ ఉంటుంది, దానికి సరిపడేలా లెన్సు జూమ్ ఇన్ అవుతూ ఉంటుంది. మనుషుల సైజు మారదు, దూరం పెరిగే కొద్దీ వెనకున్నది మాత్రం పెద్దదై దగ్గరకు నొక్కుకొస్తుంది. పైన చెప్పిన రెండు లెన్సుల పద్ధతికీ ఈ షాట్ అతుకు లాంటిది. వైడ్‌లో మొదలై టెలీలో ఆగుతుంది, అంటే కాలనీ చూపుతో మొదలై పారిస్ చూపుతో ముగుస్తుంది. అందుకే దీన్ని అక్కడ తప్ప ఇంకెక్కడ వాడినా వృథా. మీ కథలో అలాంటి మలుపు లేకపోతే ఈ షాట్ జోలికి పోకపోవడమే మేలు.

ఇక ఉబ్బడం సంగతి. మనిషి సైజు మారకుండా ఉండాలంటే ఫోకల్ లెంగ్త్‌ను దూరంతో భాగిస్తే వచ్చే అంకె మారకూడదు. 24 మిల్లీమీటర్ల దగ్గర, మనిషికి 1.5 మీటర్ల దూరంలో మొదలుపెట్టారనుకోండి. 24 భాగించు 1.5 అంటే మీటరుకు 16. ఆ లెక్కన 2 మీటర్ల దగ్గర 32, 3 మీటర్ల దగ్గర 48, 4 మీటర్ల దగ్గర 64 ఉండాలి. 70 వచ్చేసరికి దూరం దాదాపు 4.4 మీటర్లు. అంటే సుమారు 2.9 మీటర్ల ట్రాక్ కావాలి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ముగ్గురు నిలబడే చోట ఫ్రేమ్ వెడల్పు మొదటి నుంచి చివరి దాకా 2.25 మీటర్లే ఉంటుంది, ముగ్గురికి సరిపోతుంది.

నేల మీద ప్రతి 25 సెంటీమీటర్లకు ఒక టేపు ముక్క అతికించండి. జూమ్ రింగు మీద ప్రతి 4 మిల్లీమీటర్లకు ఒక గీత పెట్టండి. రింగు మీద ఆ గీతలు సమాన దూరాల్లో పడవు. మీవాళ్లు ఉబ్బడానికి కారణం బహుశా ఇదే: రింగును ఒకే వేగంతో తిప్పి ఉంటారు. ట్రాలీ నెట్టేవాడు టేపులు లెక్కపెడుతూ పైకి అంకె చెప్పాలి, జూమ్ తిప్పేవాడు ఆ అంకెకు సరిగ్గా గీత దగ్గర ఉండాలి. ఫోకస్ మూడో మనిషి పని. ఆటో ఫోకస్ ఆపేయండి, మధ్యలో వెనకున్న భవనాన్ని పట్టుకుందంటే టేక్ పోయినట్టే. అయిదారు సెకన్లలో ముగించండి. పది సెకన్లు లాగితే చూసేవాడికి ట్రిక్కు మీద దృష్టి పోతుంది.

కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సు 18–55 అయితే ఇంకో తిరకాసు ఉంది. 18 దగ్గర ఎఫ్ 3.5 ఉండే ఎపర్చర్ (వెలుగు లోపలికొచ్చే రంధ్రం, అంకె పెరిగితే అది చిన్నదవుతుంది) 55కు వచ్చేసరికి 5.6 అవుతుంది, షాట్ మధ్యలో బొమ్మ చీకటి పడుతుంది. మొదటి నుంచే 5.6లో పెట్టుకోండి. జూమ్ రింగుతో అసలు కుదరకపోతే 4కేలో తీసి ఎడిటింగ్‌లో రెండింతల వరకు క్రాప్ చేయొచ్చు, 1.5 నుంచి 3 మీటర్లకు వెనక్కి జరిగితే చాలు. వెనకతలం నొక్కుకురావడం అచ్చం అలాగే వస్తుంది, అది దూరం వల్ల వచ్చేది కాబట్టి. మసక మాత్రం పెరగదు, అది లెన్సు చేసే పని.

ప్ర: విన్స్ అద్దం ముందు నిలబడి చేత్తో తుపాకి చూపిస్తూ తనను తానే బెదిరించుకునే షాట్‌లో కెమెరా అద్దం వైపే పోతుంది గానీ అద్దంలో కెమెరా కనిపించదు. కంప్యూటర్‌లో చెరిపేశారా?
– నిజామాబాద్ పాఠకుడు

జ: చెరపడానికి అక్కడ అద్దమే లేదు. అది ఖాళీ చట్రం. మనకు వీపు చూపిస్తున్నవాడు డూప్, చట్రానికి అవతల మన వైపు తిరిగి నిలబడినవాడు విన్స్ వేషం వేసిన వెంసాన్ కాసెల్. నిదానించి చూడండి, ఇద్దరి కదలికలూ అచ్చంగా కలవవు. కెమెరా డూప్ భుజాన్ని దాటి ముందుకు పోగానే తప్పు దొరికే వీలుండదు. అందుకే ఆ కదలిక.

మీరు చేయాలంటే చట్రానికి అవతల ఇవతలి గదినే తిరగేసి కట్టాలి. ఇటు కుడివైపు తువ్వాలు వేలాడితే అటు కూడా అది తెరకు కుడివైపే కనిపించాలి. నటుడు కుడిచేయి ఎత్తితే డూప్ ఎడమచేయి ఎత్తాలి. పాపిట, వాచీ, ఉంగరం అన్నీ ఒకరికి కుడివైపైతే మరొకరికి ఎడమవైపు. రాతలున్న టీషర్టు వేయకండి, వేస్తే నటుడి చొక్కా మీద తిరగేసిన అక్షరాలు అచ్చు వేయించాలి. రెండు వైపులా లైటు ఒకే దిక్కు నుంచి పడాలి. ఎక్కువగా చెడేది ఇక్కడే, అవతలి గది వెలుగు తక్కువై అద్దం కాస్తా కిటికీలా కనిపిస్తుంది. డూప్‌కు డైలాగు కాదు, అంకెలు నేర్పండి: ఒకటికి తల, రెండుకు భుజం, మూడుకు చేయి.

ప్ర: నలుపు తెలుపు ఫిల్ములోనే తీశారా? మా వీడియోలో రంగు తీసేస్తే బూడిద పూసినట్టుంది.
– తిరుపతి

జ: కలర్ ఫిల్ములో తీసి నలుపు తెలుపులో ప్రింటు వేశారు. ఛాయాగ్రాహకుడు పియెర్ ఎయిమ్. సినిమా మొదట్లో నిజమైన అల్లర్ల వార్తా దృశ్యాలు వస్తాయి, బాబ్ మార్లీ పాట మీద. ఆ దృశ్యాలకూ కల్పిత కథకూ మధ్య రంగు తేడా లేకపోవడంతో ఎక్కడ వార్త ఆగి ఎక్కడ కథ మొదలైందో కంటికి తట్టదు. ‘పాతకాలపు అందం’ అని రాసేవాళ్లు ఇది గమనించరు. 1993 ఏప్రిల్‌లో పారిస్ 18వ డివిజన్ పోలీస్ స్టేషన్‌లో 17 ఏళ్ల కుర్రాడు తుపాకి గుండుకు చనిపోయాడు, సినిమా ఆలోచన పుట్టింది అప్పుడే.

మీ వీడియో సంగతి: సాచురేషన్ సున్నా చేయడంతో సరిపెట్టొద్దు. ఎర్ర చొక్కా, ఆకుపచ్చ గోడ కంటికి వేరు గానీ వెలుగు ఒకటే అయితే రెండూ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. షూటింగుకు ముందే మానిటర్‌ను నలుపు తెలుపులో పెట్టి బట్టలూ గోడలూ పరీక్షించండి. ఎడిటింగ్‌లో ఛానల్ మిక్సర్ వాడండి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటి బూడిదరంగులో ఎంత కలవాలో అది తేలుస్తుంది. ఎరుపు ఛానల్ పెంచితే చర్మం తేటపడుతుంది, నీలాకాశం నల్లబడుతుంది. నీలం పెంచితే మొటిమలూ మచ్చలూ అన్నీ బయటపడతాయి. ముదురు చర్మం తెల్ల గోడ ముందు ఉంటే గోడ మీది వెలుగును ఒక స్టాప్ (అంటే సగానికి) తగ్గించండి, ముఖానికి పక్క నుంచి వెలుగివ్వండి. గోడకు లెక్కగట్టి ఎక్స్‌పోజర్ పెడితే ముఖం నల్లటి ముద్దగా మారుతుంది.

ప్ర: ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ మీద ఆధారపడి డైలాగు గురించి రాయొచ్చా?
– డాలస్ నుంచి

జ: పదాల ఎంపిక గురించి రాయకండి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌లో ఫ్రెంచి కామిక్స్ వీరుడు ఆస్టెరిక్స్ కాస్తా అమెరికా కామిక్స్ కుక్క స్నూపీ అయిపోయాడు. పైగా ఆ కుర్రాళ్లు మాట్లాడేది ‘వెర్లాన్’, మాటలోని అక్షరాలను తిరగేసి పలికే యాస. ఫామ్ అంటే ఆడమనిషి, తిరగేస్తే ‘మఫ్’. ఫ్లిక్ అంటే పోలీసు, తిరగేస్తే ‘కఫ్’. మన పిల్లలు పెద్దవాళ్లకు అర్థం కాకూడదని మాట్లాడే క-భాష లాంటిదే. సబ్‌టైటిల్స్‌లో అదంతా మామూలు తిట్ల భాషగా మారిపోతుంది. గొంతు వేగం, ఒకరి మాట మీద ఒకరు పడటం, ఎవరు మౌనంగా ఉన్నారు అన్నవి భాష రాకపోయినా రాయొచ్చు. యుబేర్ తక్కువ మాట్లాడతాడు, అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ప్ర: పై నుంచి చూస్తే బలహీనుడు, కింది నుంచి చూస్తే బలవంతుడు అని పుస్తకంలో ఉంది. ఇందులో పనికొస్తుందా?
– వరంగల్

జ: ఒక్కచోట బాగా పనికొస్తుంది, అదీ పుస్తకంలో చెప్పిన కారణానికి కాదు. టీవీవాళ్లు కారు దిగకుండా రోడ్డు మీద నుంచే కింద కూర్చున్న ముగ్గురినీ ‘అల్లర్లలో మీరున్నారా’ అని అడుగుతారు. పై నుంచి పడుతున్నది టీవీ కెమెరా చూపు. ఇదేమైనా త్వారీనా అంటాడు యుబేర్. త్వారీ అంటే కార్లోంచి జంతువులను చూసే పార్కు. ఆ ఎత్తు ఎవరిదో పాత్రే చెప్పేసింది. కోణం పేరు రాసే ముందు ఆ చూపు ఎవరిదో రాయండి.

ప్ర: ఆఖరున చచ్చిందెవరు?
– పేరు రాయలేదు

జ: సినిమా చూడనివాళ్లు ఈ జవాబు దాటేయండి. పోలీసు చేతిలో తుపాకి పేలి విన్స్ పడిపోతాడు. అంతకు కాసేపటి ముందే అతను రివాల్వర్‌ను యుబేర్‌కు ఇచ్చేశాడు. యుబేర్, పోలీసు ఒకరికొకరు తుపాకులు గురిపెట్టుకుంటారు. కెమెరా వాళ్లను వదిలి సయీద్ ముఖం మీదికి పోతుంది. సయీద్ కళ్లు మూసుకుంటాడు, పేలిన చప్పుడు, చీకటి. ఎవరు కాల్చారో చూపించకూడదనే కెమెరా పక్కకు తప్పుకుంది కాబట్టి పరీక్షలో ఆ లెక్క తేల్చే పని పెట్టుకోకండి. మొదట్లో సయీద్‌ను పరిచయం చేసేది మూసిన కళ్లు తెరవడంతోనే. రెండు షాట్లనూ పక్కపక్కన పెట్టి రాయండి. ఆ చివరి షాట్ మీద యుబేర్ గొంతులో ఓ కథ వినిపిస్తుంది, సినిమా మొదట్లో విన్నదే: 50 అంతస్తుల నుంచి పడుతున్నవాడు ఒక్కో అంతస్తు దాటుతూ ఇంతవరకూ బాగానే ఉందనుకుంటాడు. మొదట్లో పడేది ఒక మనిషి. చివర్లో ఆ చోట సమాజం వచ్చి చేరింది. వెనక్కి వెళ్లి రెండూ వినండి.

ప్ర: శబ్దం గురించి ఏం రాయాలో తోచదు. కిటికీలో డీజే పాట పెట్టగానే కెమెరా కాలనీ మీద ఎగిరే సీన్ మాత్రం గుర్తుండిపోయింది. డ్రోనా?
– కాకినాడ

జ: 1995లో ఇప్పటి డ్రోన్లు ఎక్కడివి? రిమోట్‌తో నడిచే బుల్లి హెలికాప్టర్‌కు కెమెరా కట్టారు. డీజే వేషంలో ఉన్నది నిజం డీజేయే, కట్ కిల్లర్. పోలీసులను తిట్టే ర్యాప్‌లోకి పాతతరం ఫ్రెంచి గాయని ఎడిత్ పియాఫ్ గొంతు కలుపుతాడు. పాట మొదట కిటికీలోని స్పీకర్లది. కెమెరా దూరం పోయాక అది ఎవరిది? ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గాలి. సినిమాలో తగ్గిందా, ప్రతిధ్వని ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది? కళ్లు మూసుకుని విని సెకన్లతో సహా రాసుకోండి, మీకు రాయాల్సింది దొరికినట్టే.

ఇంకొకటి. కాలనీ భాగాన్ని స్టీరియోలో (ఎడమ, కుడి శబ్దాలు వేరు), పారిస్‌ను మోనోలో (రెండు వైపులా ఒకే శబ్దం) పెట్టాలన్నది దర్శకుడి ఆలోచన. చెవికి నమ్మకం కుదరకపోతే ఆడాసిటీ అనే శబ్దాల సాఫ్ట్‌వేర్‌లో ఆ ముక్కను ఎడమ, కుడి ట్రాకులుగా విడదీసి ఒకదాన్ని ఇన్వర్ట్ చేసి (తరంగాన్ని తలకిందులు చేసి) రెండూ కలిపి మోగించండి. మోనో అయితే నిశ్శబ్దం, లేదా సన్నటి గరగర. మాటలూ వాతావరణమూ మిగిలితే స్టీరియో. మీ కాపీ శబ్దాన్ని ఆరు స్పీకర్ల 5.1కి మళ్లీ కలిపిందైతే ఈ పరీక్ష చెల్లదు, డిస్కు మీద అసలు స్టీరియో ట్రాక్ ఉందేమో చూడండి.

అలాంటి షాట్ డ్రోన్‌తో తీయాలనుకుంటే, 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ప్రభుత్వం డ్రోన్ల కోసం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని చోట) ఉందో లేదో చూసుకుని, 120 మీటర్లు దాటకుండా ఎగరేయండి. రెక్కల రొద మైకులో పడుతుంది కాబట్టి ఆ షాట్‌కు అక్కడి శబ్దం వాడలేరు. పాటను కిటికీ దగ్గర ఒకసారి, మేడ మీద ఒకసారి, వీధి చివర ఒకసారి విడిగా రికార్డు చేసుకుని, కెమెరా దూరం పోయే కొద్దీ ఒకదానిలోంచి ఇంకోదానిలోకి కలపండి.